అందర్నీ దించే దాదాపీర్

దాదాపీర్‌కు తాగుడు లేదు, పేకాట లేదు, బీడీ కూడా లేదు. ఉన్నదల్లా ఒక్కటే తిక్క. ఏ మనిషినీ, ఏ వస్తువునూ ఒక్కచోట కుదురుగా ఉండనివ్వడు. కూర్చున్నవాణ్ణి లేపుతాడు, నిలబడ్డవాణ్ణి కూర్చోబెడతాడు. ముందున్నదాన్ని వెనక్కి, వెనకున్నదాన్ని ముందుకి మార్చేదాకా ఆయనకు అన్నం సయించదు.

ఇది ఆయనకు చేసే పని నుంచే అంటుకుంది. హిందూపురంలో పరిగి రోడ్డు మీద ఆయనకు టైర్లంగడి ఉంది. ఏ బండి వచ్చి ఆగినా మొదట అడిగేది ఒకటే మాట. "టైర్లు మార్చి ఎన్నాళ్లాయప్పా?" పంక్చరు వేయించుకుని పోదామని వచ్చినవాడు కూడా, ముందు టైరు వెనక్కి, వెనక టైరు ముందుకి మార్పించుకోనిదే ఆ అంగడి దాటలేడు. ఎవరైనా విసుక్కుంటే దాదాపీర్ టైరు తరఫున వకాల్తా పుచ్చుకుంటాడు. "ఒగే టైరు ఎప్పుడూ ముందరే ఉంటే ఒగే పక్క అరుగుతాది. అరిగినాక అందురూ దాన్నే తిడ్తారు. పాపం, దాని తప్పేముండాది?"

అంగడితో ఆగితే బాగానే ఉండేది. ఇంట్లో మంచం ఈ వారం కిటికీ పక్కనుంటే వచ్చే వారం తలుపు పక్కన. క్షవరం ఈ నెల ఒక అంగట్లో, వచ్చే నెల ఇంకో అంగట్లో. పెళ్లి పంక్తిలో కూర్చుంటే గబగబా నాలుగు ముద్దలు మింగి, అందరికంటే ముందే లేచి, వెనకాల నిలబడ్డవాణ్ణెవణ్ణో రెక్క పట్టుకుని తన చోట కూర్చోబెట్టేస్తాడు. ఆయన భార్య పీరాంబీ వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది, "అల్లా దయ, నన్నొగదాన్నే ఇంతవరకూ మార్చలా."

అలాంటి మనిషి చేతికి ఒక ఫుట్‌బాల్ జట్టు దొరికింది.

పట్టునూలు వ్యాపారం చేసే సురేంద్ర తన డబ్బుతో నడిపే జట్టు అది. మ్యాచికింతని ఇచ్చి ఆడిస్తాడు. ఆడేవాళ్లంతా పగలు ఏదో ఒక కూలి చేసుకునేవాళ్లే. వయసులో ఉన్నప్పుడు దాదాపీర్ బాగా ఆడినవాడని సురేంద్ర ఆయన్ను కోచ్‌గా పెట్టాడు. పెట్టిన నాటి నుంచి నెత్తి పట్టుకుంటూనే ఉన్నాడు. ఈ వారం గెలిచిన జట్టు వచ్చే వారం ఉండదు. ఎడమ పక్క ఆడేవాడు కుడి పక్క ఉంటాడు, ముందు ఆడేవాడు బెంచి మీద ఉంటాడు. లోకంలో ఎవరూ గోల్‌కీపర్ జోలికి పోరు. దాదాపీర్ ఒకసారి ఇద్దరు కీపర్లనూ కూర్చోబెట్టి, బ్యాకులో ఆడే బాలాజీని గోల్‌లో నిలబెట్టాడు. బెంచి మీద కూర్చున్నవాడికీ ఇచ్చేది సురేంద్ర సమానంగానే ఇస్తాడు. దుడ్లకు లోటు లేదు, పోయేది పరువే.

చివరికి వ్యాన్లో సీట్లు కూడా మార్పిడే. మ్యాచికని ధర్మవరం వైపు పోయేటప్పుడు పెనుకొండలో టీకి ఆపుతారు. దిగినవాడు ఎక్కినప్పుడు తన పాత సీట్లో కూర్చోకూడదు. ముందువాళ్లు వెనక్కి, వెనకవాళ్లు ముందుకి. వెనక చక్రం మీది సీట్లో కూర్చుంటే ఎముకలన్నీ లెక్కకు వస్తాయి. "మామా, ఇది ఆటా, వ్యానా?" అని డ్రైవర్ గిరి అరిస్తే, "నీ సీటొగటి మారలేదని సంతోషపడప్పా" అనేవాడు దాదాపీర్.

ఆ ఇద్దరు కీపర్లలో ఒకడు అబ్దుల్లా. ఇంకొకడు నల్లప్ప.

నల్లప్పకు నలభై దాటాయి. ఐదో తరగతిలో బడి వదిలి, పట్టుగూళ్ల మార్కెట్టులో హమాలీగా చేరాడు. తెల్లారింది మొదలు మూటలు దించడం, మూటలు ఎత్తడం. మోకాళ్లు అరిగాయి, నడుం పట్టేసింది. కానీ గోల్‌లో నిలబడితే మాత్రం పెద్ద పెద్ద చేతులు చాచి గేటు మూసినట్టు మూసేవాడు. మార్కెట్టులో అతన్ని ఎవరూ పేరు పెట్టి పిలవరు, "ఏ హమాలీ" అంటారు. గోల్ ముందు నిలబడినప్పుడే జనం "నల్లప్పా, నల్లప్పా" అని అరిచేవాళ్లు. ఆ అరుపు కోసమే ఆడేవాడు.

ఆ పరువంతా పెనుకొండలో పోయింది.

ఆ రోజు పొద్దున అతను మార్కెట్టులో గూళ్ల మూటలు దించి దించి, అలాగే వ్యానెక్కాడు. మ్యాచి ఇంకాసేపట్లో అయిపోతుందనగా మనవాళ్లు ఒక గోలు ముందున్నారు. అప్పుడొచ్చింది ఒక బాలు. అది కూడా వేగంగా వచ్చిందా అంటే, ముసలెద్దు నీళ్లకు పోయినట్టు వచ్చింది. కీపర్ అన్నవాడు అలాంటి బాలుకు కాళ్లు దగ్గర చేసి వంగుతాడు. మూట ఎత్తేవాడు కాళ్లు ఎడం చేసి వంగుతాడు. అలసిన ఒళ్లు కదా, దానికి అలవాటైన పనే అది చేసింది. నల్లప్ప హమాలీలాగా వంగాడు. బాలు కాళ్ల సందులోంచి నింపాదిగా నడిచి, గోల్లోకి పోయి కూర్చుంది.

పెనుకొండంతా విరగబడి నవ్వింది.

"ఓ హమాలన్నా! మూట యాడికి పాయ?"

ఆ మాట నల్లప్ప వెంట హిందూపురం దాకా వచ్చింది. మర్నాడు మార్కెట్టుకు పెద్ద దారి వదిలి, సందుల్లోంచి, నెత్తిన తువ్వాలు కప్పుకుని పోయాడు. అయినా గూళ్లు ఏరే వెంకటక్క పట్టేసింది. మూట అందిస్తూ, "నల్లప్పా, దీన్ని మాత్రం కాళ్ల సందున పోనియ్యద్దు నాయనా, లోపల మా గూళ్లుండాయి" అంది. నలుగురూ నవ్వారు. నల్లప్ప కూడా నవ్వాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి బాలు చూస్తేనే అతని చేతులు వణికేవి. ఈ మాట భార్య నాగరత్నమ్మకు కూడా చెప్పలేదు.

తర్వాతి మ్యాచ్ హిందూపురంలోనే. నన్ను తీసేస్తాడు, ఊరంతా చూస్తుంది అని గుండె గుప్పెట్లో పెట్టుకుని పోయాడు. తీరా చూస్తే దాదాపీర్ తిక్క ఆకాశాన్నంటింది. పెనుకొండలో ఆడిన పదకొండు మందినీ దించేశాడు! అబ్దుల్లాను గోల్‌లో పెట్టి, మిగతా చోట్లకు ఎక్కడెక్కడో ఉన్నవాళ్లను పట్టుకొచ్చాడు. ఆఖరికి వ్యాన్ డ్రైవర్ గిరికి కూడా బూట్లు తొడిగించాడు.

పెనుకొండలో మూడు గోల్సూ తనే కొట్టిన ఉమేష్ ఊరుకుంటాడా? జనం మధ్యలోనే అరిచాడు.

"ఏం మామా, మూడు కొడ్తి గదా!"

"అందుకేప్పా. అలిసింటావు."

"నేనెప్పుడు అలిస్తి?"

"అలవకముందే కూర్చోవల్ల. అలిసినాక అందురూ కూర్చుంటారు."

జట్టు చిత్తుగా ఓడింది. ఊరంతా దాదాపీర్‌ను తిట్టింది. నల్లప్ప ఎందుకు ఆడలేదని అడిగిన పిట్ట లేదు. పదకొండు మందిలో అతనూ ఒకడు, అంతే. లోపల సిగ్గుగానే ఉన్నా, ఆ సిగ్గు మీద ఎవరో తడిగుడ్డ వేసినట్టు హాయిగా ఉంది. అందరితో పాటు తనూ గొంతు కలిపి, "తిక్క మామ, తిక్క మామ" అని నాలుగు ఆకులు ఎక్కువే చదివాడు.

ఆ తర్వాత కూడా దాదాపీర్ ఒక్కో మ్యాచికి ఒక్కొక్కరిని దించుతూ, ఎక్కిస్తూ పోయాడు. బెంచి మీద నల్లప్ప పక్కన కూర్చునేవాళ్లు మారేవాళ్లు. నల్లప్ప మాత్రం మారలేదు. మొదట్లో హాయిగా ఉన్న బెంచి పోనుపోను ముళ్లు మొలిచినట్టయింది. ఎలాగో కిందా మీదా పడి జట్టు ఫైనల్‌కు పోయింది. ఫైనల్ ధర్మవరంలో. ధర్మవరం అంటే నల్లప్ప అత్తగారి ఊరు.

ముందురోజు టైర్లంగడి దగ్గర దాదాపీర్ పేర్లు చదివాడు. గోల్‌లో అబ్దుల్లా. సురేంద్ర కూడా అక్కడే ఉన్నాడు. నల్లప్పకు కోపం ఇక ఆగలేదు. అంతవరకూ ఊరికే తిప్పుతున్న అంగడి స్పానర్ చేతిలోనే ఉంది, దాన్ని ఊపుతూ లేచాడు.

"సార్, ఈ మనిషికి తిక్క. మమ్మల్ని టైర్లనుకున్నాడు. ఒగ పద్ధతి లేదు, పాడు లేదు. ఈయప్ప ఉన్నంతకాలం మేము మనుషులం కాము. మార్చేదైతే ముందు కోచ్‌ను మార్చండి!"

జట్టంతా తలలు వంచుకుని నేల చూస్తోంది. అందరూ నా వైపే ఉన్నారు, పాపం భయపడి మాట్లాడలేదనుకున్నాడు నల్లప్ప. వాళ్ల తరఫున ఇంకో రెండు మాటలు కలిపాడు. సురేంద్ర తలూపాడు. "రేపు ఓడితే నువ్వన్నట్టే చేస్తా నల్లప్పా."

దాదాపీర్ ముఖం మీద ఈగ వాలినంత కదలిక కూడా లేదు. "ఆ స్పానరు ఇట్లియ్యప్పా, బోల్టు బిగించేదుండాది" అన్నాడు.

నల్లప్ప ఇవ్వలేదు. కోపంలో స్పానర్ పట్టుకునే ఇంటికి పోయాడు. ఇంటికి పోయాక గాని చేతిలో ఉందని తెలియలేదు. తిరిగి ఇవ్వడానికి పోవాలంటే మొహం చెల్లక, బూట్ల సంచిలో పడేశాడు.

మర్నాడు వ్యాన్ పెనుకొండలో ఆగింది. అందరూ ఉగ్గాణి, బజ్జి తిని, టీ తాగి వచ్చారు. దాదాపీర్ బయట చక్రాలను కాలితో తన్ని చూసుకుంటున్నాడు. నల్లప్ప మాత్రం దిగలేదు, కిటికీ పక్క సీటు కరుచుకుని కూర్చున్నాడు.

"అన్నా, లెయ్యి. సీట్లు మారల్ల" అన్నాడు ఉమేష్.

"నేను మారను. ఆ తిక్కోడు చెప్తే ఎగిరేదానికి నేనేమన్నా కోతినా?"

ఉమేష్ చేతిలోని బజ్జి పొట్లం సీటు మీద కొట్టాడు. "తిక్కోడంట! నిన్న అన్నన్ని మాటలంటివి, గమ్మునుంటిమి. ఈ పొద్దు ఊరుకోను. ఆయప్ప మమ్మల్నందర్నీ దించింది ఎవురి కోసరమనుకుంటివి? నీ కోసరం!"

"నా కోసరమా?"

"నిన్నొగన్నే తీస్తే, కాళ్ల సందు నల్లప్పను తీసేసినారని ఊరు ఊరంతా అంటాదంట. ఇంగ వాడు జన్మలో గోల్‌లో నిలబడడంట. అందుకని మా ఇండ్లకొచ్చి ఒగొగన్నీ అడిగె. 'ఒగాట కూర్చోండప్పా. బయటికి మాత్రం నన్నే తిట్టండి, బాగా తిట్టండి' అనె. మూడు గోల్లు కొట్టి నేను బెంచి మీద కూర్చుంటి! ఆ పొద్దు నేనరిచిన అరుపు గూడా ఆయప్ప నేర్పించిందే."

నల్లప్ప కిటికీ వైపు నుంచి ఇటు తిరిగాడు. "మరి... నాకెందుకు చెప్పలేదురా?" అన్నాడు.

"నీకు చెప్తే నీకు తెలుస్తాది గదన్నా!"

వెనక నుంచి అబ్దుల్లా దగ్గాడు. "పోయినేడు నేను విసిరిన బాలు నేరుగా ఎదుటోళ్ల కాలికే పోయె గదన్నా. ఆ మర్సటి మ్యాచికి నిన్నూ నన్నూ ఇద్దర్నీ కూర్చోబెట్టి, బాలాజీని నిలబెట్టె. అది నా కోసరం."

"ఆ పొద్దూ నాకు చెప్పలేదే!"

"నీకు చెప్తే మూటలతో పాటు మార్కెట్టంతా మోస్తావని చెప్పలా."

అది నిజమే. బాలాజీని గోల్‌లో నిలబెట్టినందుకు దాదాపీర్‌ను తిడుతూ నల్లప్ప ఆ మాటను ఇన్నాళ్లూ మార్కెట్టంతా మోస్తూనే ఉన్నాడు. నిన్న సురేంద్ర ముందర అన్నవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఒక్కో మాటకూ మెడ ఒక్కో అంగుళం కిందికి దిగింది. నిన్న వీళ్లంతా నేల చూసింది భయంతో కాదు, తన తరఫున సిగ్గుపడి.

నల్లప్ప ఏమీ అనకుండా లేచి, వెనక చక్రం మీది సీట్లోకి పోయి కూర్చున్నాడు. అతను వదిలిన కిటికీ పక్కకు చైతన్య వచ్చాడు. చైతన్యకు వ్యాన్లో కడుపులో తిప్పుతుంది, కిటికీ కావాలని అడగడానికి మొహమాటం. పెనుకొండ దాటాక కిటికీ ఎప్పుడూ చైతన్యకే వస్తుందన్న సంగతి నల్లప్ప ఇన్నేళ్లలో ఆ రోజే గమనించాడు.

ధర్మవరంలో గ్రౌండ్ చుట్టూ జనం కిక్కిరిశారు. మొదటి వరుసలోనే అత్త చౌడక్క, పక్కన నాగరత్నమ్మ. చౌడక్కది మగ్గం ముందు కూర్చున్నా వీధి చివరికి వినిపించే గొంతు. "అల్లుడు యాడే? బెంచి మీదనా! ఆ బెంచి కాలిరిగిందేమో, పట్టుకోని కూర్చున్నట్టుండాడు." నల్లప్ప ఇంకా ఒదిగి కూర్చున్నాడు. ఈ సిగ్గు తనకు తగిందేనని అనిపించింది.

చెరొక గోలూ పడింది. ఆట చివరికొచ్చింది. దాదాపీర్ అతని పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"నల్లప్పా, లెయ్యి."

"మామా, వద్దు. అబ్దుల్లా బాగాడ్తాండాడు. నా చేతులు వణుకుతాండాయి."

"తెల్సులేప్పా. టైరును అంగట్లో యాలాడదీసి పెడ్తే అరగదు గానీ, ఎండిపోయి పగుల్తాది. లెయ్యి."

"ఓడితే నిన్ను తీసేస్తారు మామా. నిన్న నేనే గదా..."

"నన్ను మారిస్తే ఇంగా మంచిది. కొత్తోడొస్తాడు. అబ్దుల్లా! దిగప్పా!"

అబ్దుల్లా నవ్వుకుంటూ వచ్చి తన గ్లవ్స్ తీసి నల్లప్ప చేతుల్లో పెట్టాడు.

పోయి నిలబడ్డాడో లేదో, వచ్చింది బాలు. అదే నడక. ముసలెద్దు నీళ్లకు పోయే నడక. నల్లప్పకు కాళ్లు దగ్గర చేయాలో, వంగాలో ఏదీ తోచలేదు. తప్పించుకుని పారిపోయే కోడి మీద పడ్డట్టు బోర్లా దాని మీద పడిపోయాడు. పొట్ట కింద బాలు, బాలు మీద నల్లప్ప. జనం నవ్వారు. నవ్వితే నవ్వనీ, లేవలేదు. రెఫరీ వచ్చి భుజం తట్టి, "అన్నా, లే, ఆట జరగల్ల" అన్నాక గాని లేవలేదు.

"పట్టుకున్నాడే!" అంది చౌడక్క గొంతు.

ఆట అక్కడితో సమమై, పెనాల్టీలకు పోయింది. నల్లప్ప ఒకటి ఆపాడు. నిజంగా, చేతులు చాచి, గేటు మూసినట్టు ఆపాడు. "నల్లప్పా!" అని అత్తగారి ఊరు అరిచింది. ఇంకేం, గెలిచినట్టే అనుకుంటుండగా మనవాళ్లలో అందరికంటే గట్టివాడు ఉమేష్ వచ్చి, బాలును గోలు మీది నుంచి పక్క వీధిలోకి కొట్టాడు. తర్వాత మనవాళ్లదే ఇంకొకటి ఎదుటి కీపర్ చేతుల్లోకి పోయింది. హిందూపురం ఓడిపోయింది.

ఉమేష్ గ్రౌండ్ మధ్యలో జెర్సీని నెత్తి మీదికి లాక్కుని నిలబడిపోయాడు. సురేంద్ర ఉరుముకుంటూ వచ్చాడు. "వాణ్ణి తీసెయ్యండి! దాదాపీర్, నువ్వూ దిగు. నిన్న నల్లప్ప చెప్పిందే కరెక్టు."

అందరి చూపూ నల్లప్ప మీద పడింది. అతని చెవులు కాలిపోయాయి. ఉన్నచోటే మట్టిలో చతికిలబడి కూర్చున్నాడు.

"ఏంటయ్యా ఇది?"

"నిన్న చెప్పింది తప్పు సార్. నాకు తెలీక వాగితి. ఒగన్ని దించితే వాడు ఇంగ లేవలేడు. దించితే మమ్మల్నందర్నీ దించండి."

అబ్దుల్లా వచ్చి పక్కన కూర్చున్నాడు. తర్వాత బాలాజీ, చైతన్య. జట్టు జట్టంతా కూర్చుంది. గిరి వ్యాన్ తాళాలు జేబులో వేసుకుని మరీ వచ్చి కూర్చున్నాడు. ఉమేష్ జెర్సీలోంచి తల బయట పెట్టి చూసి, ఏడవాలో నవ్వాలో తెలియక తనూ కూర్చున్నాడు.

"మల్లా కూర్చున్నాడే అల్లుడు!" అంది చౌడక్క.

గ్రౌండంతా ఘొల్లుమంది. సురేంద్ర చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "సరే, సరే, ఎవుర్నీ మార్చను. లెయ్యండప్పా, జనం చూస్తాండారు."

తిరుగు దారిలో పెనుకొండలో టీకి ఆగారు. వెనకాలే సురేంద్ర కారూ ఆగింది. అందరూ ఎక్కబోతుంటే దాదాపీర్ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఈ పొద్దు కారు సీటు గూడా మారల్ల." సురేంద్ర ఏదో అనేలోపే ఆయన రెక్క పట్టుకుని వ్యాన్లోకి, అందులోనూ వెనక చక్రం మీది సీట్లోకి ఎక్కించాడు. కారు డ్రైవర్ పక్క సీట్లో ఉమేష్‌ను కూర్చోబెట్టి, నల్లద్దాలు ఎత్తించాడు. లోపల వాడు కళ్లు తుడుచుకున్నా ఎవరికీ కనపడదు.

నల్లప్ప బూట్ల సంచిలోంచి స్పానర్ తీశాడు. నిన్నటి నుంచి మోస్తున్నది గూళ్ల మూట కంటే బరువుగా ఉంది. "మామా, నిన్న నేను..."

దాదాపీర్ స్పానర్ లాక్కుని ఎండకేసి తిప్పి చూశాడు. "తుప్పు పట్టనియ్యలేదు, మంచిది. వచ్చే మ్యాచికి ఉమేష్ కూర్చోవల్లప్పా."

నల్లప్పకు ఈసారి ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. "అయితే నేనూ కూర్చుంటా. నిన్ను బాగా తిడ్తా గూడా."

"మార్కెట్టులో చెప్పద్దు."

"చెప్పను మామా."

వ్యాన్ కదిలింది. పెనుకొండ దాటి మొదటి గుంత రాగానే వెనక సీట్లో సురేంద్ర గాల్లోకి లేచి, కింద పడి, కేక పెట్టాడు.

"దాదాపీర్! ఈ సీటు కింద టైరు మార్చి ఎన్నాళ్లాయ?"

దాదాపీర్ ముందు సీట్లోంచి వెనక్కి తిరిగాడు. కప్పు గెలిచినా ఆ ముఖంలో అంత వెలుగు ఉండేది కాదు.

"గిరీ, బండి పక్కకు తియ్యప్పా" అన్నాడు, చేతిలో స్పానర్ ఎత్తి పట్టుకుని.